ఉద్యోగం అడగకుండా మనుషుల్ని కలవడం ఎలా? విజయవాడ, గుంటూరు ఎంబీఏ విద్యార్థులకు

మన ప్రాంతంలో ఎంబీఏ చదివే విద్యార్థి తనకు పరిచయాలు లేవని చెబితే నేను నమ్మను. ఏ పెళ్లికి వెళ్లినా ఆడిటరు, బ్యాంకు మేనేజరు, పురుగుమందుల డీలరు, మిర్చి యార్డులో కమిషన్ దుకాణం నడిపే పెదనాన్న ఒకే బంతిలో కూర్చుని భోజనం చేస్తూ కనిపిస్తారు. మనుషులకు కొరత లేదు, వాళ్లతో ఏం మాట్లాడాలో తెలియకపోవడమే ఇబ్బంది. "మావాడి ఎంబీఏ అయిపోవస్తోంది, ఎక్కడైనా ఒక మాట చెప్పండి" అని తండ్రి అంటాడు; కొడుకు పక్కన తల వంచుకుని నిలబడతాడు; పెద్దాయన "బయోడేటా వాట్సాప్‌లో పెట్టమనండి" అంటారు; అక్కడితో ఆ పరిచయం ముగుస్తుంది.

ఆ బయోడేటాను ఆయన తెరవకపోతే తప్పుపట్టడానికి లేదు. పనితీరు తెలియని కుర్రవాడి కోసం తన మాట పోగొట్టుకోవడానికి ఎవరూ సిద్ధపడరు. అదే కుర్రవాడు ఒక మధ్యాహ్నం ఆయన దుకాణానికి వెళ్లి, "అయ్యా, మీ వ్యాపారం ఎలా నడుస్తుందో ఇరవై నిమిషాలు చెప్పించుకోవాలని వచ్చాను" అంటే పరిస్థితి మారుతుంది. నెల తిరిగేలోపు ఆయన చెప్పిన విషయం మీద ఒక లెక్క కట్టి తీసుకువెళితే ఇంకా మారుతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న పద్ధతి ఇదే: ఉద్యోగం గురించి కాక పని గురించి అడగాలి, రెండోసారి వెళ్లడానికి తగిన కారణాన్ని మనమే తయారు చేసుకోవాలి.

దగ్గరివాళ్ల కన్నా కాస్త దూరపువాళ్లు

ముందుగా ఎవరిని కలవాలన్న ప్రశ్న వస్తుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, బోస్టన్ నగర శివారులో పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవారిని, ఆ కబురు చెప్పిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారో అడిగారు. తరచుగా కలిసే మనిషి ద్వారా తెలిసిందన్నవారు 16.7 శాతం, అప్పుడప్పుడు కలిసే మనిషి ద్వారా అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా కలిసే మనిషి ద్వారా అన్నవారు 27.8 శాతం. అది చిన్న నమూనా. అయితే 2022లో లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందికి పైగా సభ్యులపై అయిదేళ్ల పాటు నడిచిన ప్రయోగాల ఫలితాలు వెలువడినప్పుడు కూడా దాదాపు ఇదే తేలింది, ఒక సవరణతో: మరీ ముక్కూమొహం తెలియనివారి కన్నా, కొంతమంది ఉమ్మడి పరిచయస్తులున్న మధ్యస్థ దూరంలోని వారి వల్లే ఎక్కువ మేలు జరిగింది.

కారణం మన హాస్టల్ గదిలోనే కనిపిస్తుంది. మీ గదిలో ఉండే ముగ్గురూ ఒకే ప్లేస్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉంటారు, ఒకే మాస్టారి పాఠం వింటారు, ఒకే టీకొట్టు దగ్గర నిలబడతారు. వాళ్లకు తెలిసిన కబురు మీకు అప్పటికే తెలిసి ఉంటుంది. మీ మేనమామ లెక్కలు చూసే ఆడిటరు, మీకన్నా మూడు బ్యాచ్‌ల ముందు చదివిన అక్క, పక్కింటి వారి అల్లుడు పనిచేసే కంపెనీలోని మేనేజరు మాత్రం మీకు తెలియని లోకంలో తిరుగుతున్నవారు. ఒక నోటు పుస్తకం తీసుకుని ఇలాంటి వారి పేర్లు ఇరవై రాయండి. ప్రతి పేరు పక్కన ఆ మనిషిని మీకు పరిచయం చేయగల మధ్యవర్తి పేరు కూడా రాయాలి. మధ్యవర్తి పేరు తట్టని చోట ఖాళీ వదిలేయండి, తరువాత దొరుకుతుంది.

పట్టిక రాసేటప్పుడు హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల వైపే చూపు పోవడం సహజం. కానీ చుట్టూ ఉన్నదాన్ని వదిలేయడం తెలివైన పని కాదు. గుంటూరు మిర్చి యార్డు, దాని చుట్టూ పెరిగిన కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతిదారులు. 1976 నుంచి గుంటూరు కేంద్రంగా ఉన్న పొగాకు బోర్డు. వడ్లమూడి దగ్గర సంగం డెయిరీ. విజయవాడలో జవహర్ ఆటోనగర్, వన్‌టౌన్‌లోని వస్త్రలత, గొల్లపూడి టోకు దుకాణాలు. గన్నవరం దగ్గర కేసరపల్లిలోని హెచ్‌సీఎల్ ప్రాంగణం. ఇవన్నీ బస్సులో వెళ్లి రాగల దూరంలోనే ఉన్నాయి. మార్కెటింగ్ చదివేవారికి విత్తనాల డిస్ట్రిబ్యూటరు, హెచ్‌ఆర్ చదివేవారికి వందల మంది సిబ్బందిని మూడు షిఫ్టుల్లో నడిపే ఆసుపత్రి, ఫైనాన్స్ చదివేవారికి కోల్డ్ స్టోరేజీలోని సరుకు మీద అప్పు ఇచ్చే బ్యాంకు శాఖ, పాఠ్యపుస్తకంలో లేని సంగతులు చెప్పగలవు.

మొదటిసారి

పరిచయం చేసే మధ్యవర్తిని మీ తరఫున బతిమాలమని అడగకండి. "ఒక విద్యార్థి ఫోన్ చేస్తాడు, మాట్లాడండి" అని చెబితే చాలు. ఫోన్ మీరే చేయాలి. ఫోన్‌లో ఈ నాలుగు మాటలకు మించి అవసరం లేదు: "నమస్కారమండీ. నేను ఫలానా కళాశాలలో ఎంబీఏ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. మీ నంబరు మా బాబాయి గారు ఇచ్చారు. సరుకు అరువు మీద ఇచ్చే పద్ధతి గురించి తెలుసుకోవాలని ఉంది, మీకు వీలైన రోజు ఇరవై నిమిషాలు దుకాణానికే వచ్చి కలుస్తాను. ఉద్యోగం కోసం కాదండీ." ఆ చివరి మాట వినగానే అవతలి గొంతు ఎంత తేలికపడుతుందో మీకే తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది చాలామంది పట్టించుకోరు. యార్డులో ఉదయమంతా కొనుగోళ్లు, కాటాలు సాగుతుంటాయి. ఆ సమయంలో ప్రశ్నలడిగే విద్యార్థి అడ్డుగా కనిపిస్తాడు. పని తగ్గాక మధ్యాహ్నం వెళ్లాలి. ఆడిటర్ల దగ్గరికి ప్రతి నెలా 11, 20 తేదీలకు ముందు రెండు రోజులు వెళ్లవద్దు, అవి జీఎస్టీ రిటర్నుల గడువులు; జులై చివర, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆదాయపు పన్ను రిటర్నులు, ఆడిట్ నివేదికల ఒత్తిడిలో వాళ్లు ఇంటికే సరిగా వెళ్లరు. బ్యాంకు మేనేజరును మార్చిలో కలవాలనుకోవడం కోరి విసుగు తెప్పించడమే. బట్టల దుకాణాల వారికి ఆషాఢం తగ్గింపులు, దసరా, సంక్రాంతి వదిలేయాలి. ఇక దసరా నవరాత్రుల్లో విజయవాడ వన్‌టౌన్‌లో ఎవరినైనా కలవాలని పెట్టుకుంటే, అమ్మవారి దర్శనం క్యూలో దొరికినంత తీరిక కూడా దుకాణంలో దొరకదు.

అడగవలసిన ప్రశ్నలు మూడు నాలుగు చాలు. ఈ సరుకు ధర ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు? ఈ వ్యాపారంలో సొమ్ము ఎక్కడ ఇరుక్కుపోతుంది? కొత్తగా చేరినవాళ్లు మొదటి ఆరు నెలల్లో ఎక్కడ తడబడతారు? చివరిగా, ఈ విషయం బాగా తెలియాలంటే నేను ఇంకెవరిని కలవాలి? ఈ నాలుగో ప్రశ్నే మీ పట్టికలోని ఖాళీలను నింపుతుంది. జీతం ఎంత, లాభం ఎంత అని మొదటి రోజు అడగకూడదు. టీ ఇస్తే తాగండి, వద్దనకండి. ఇరవై నిమిషాలు కాగానే మీరే లేవండి. ఆయన "కూర్చో అబ్బాయ్" అంటే అప్పుడు కూర్చోండి. బయోడేటా సంచిలోనే ఉండాలి. విద్యార్థినులైతే కలయిక ఎప్పుడూ కార్యాలయ వేళల్లో, పనిచేసే చోటే పెట్టుకోవడం, వీలైతే తోటి విద్యార్థినిని వెంట తీసుకువెళ్లడం మంచిది. హోటల్లో కలుద్దామనే మనిషిని పట్టిక నుంచి కొట్టివేయడానికి సంకోచించనవసరం లేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చదువుకునే రోజుల్లో నలభై ప్రశ్నల పత్రం పట్టుకుని ఒక మిర్చి కమిషన్ వ్యాపారి దగ్గరికి వెళ్లాను. అయిదు మెట్ల కొలమానం మీద "పూర్తిగా ఏకీభవిస్తున్నాను" నుంచి "అసలు ఏకీభవించను" వరకు టిక్కులు పెట్టమన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, "అబ్బాయ్, ఈ కాగితాలు నింపితే నీకు మార్కులొస్తాయి, మరి నాకేమొస్తుంది?" అన్నారు. సమాధానం లేక తిరిగి వచ్చాను. ఆ ప్రశ్న న్యాయమైనదని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

రెండోసారి

మళ్లీ వెళ్లినప్పుడు ప్రశ్నపత్రం తీసుకువెళ్లలేదు, ఒక లెక్క తీసుకువెళ్లాను. ధర వస్తుందన్న ఆశతో సరుకును కోల్డ్ స్టోరేజీలో ఆపితే ఎంత ధర వస్తేగాని గిట్టుబాటు కాదన్నది ఆ లెక్క. ఉదాహరణకు క్వింటా ధర 15,000 రూపాయలు ఉన్నప్పుడు, వడ్డీ నూటికి నెలకు రూపాయిన్నర అనుకుంటే, నెలకు 225 రూపాయలు పడుతుంది. ఆరు నెలలకు 1,350. అంటే కోల్డ్ స్టోరేజీ అద్దె, హమాలీ కూలి, బండి కిరాయి కలపకముందే ధర 16,350 దాటాలి. ఇది ఎంబీఏ మొదటి సెమిస్టర్‌లో అందరూ నేర్చుకునే బ్రేక్ ఈవెన్ లెక్కే. అద్దె వరుస ఖాళీగా వదిలి, "ఇది మీరే చెప్పాలండీ" అన్నాను. ఆయన కలం తీసుకుని అద్దె వేశారు, దాని కింద నేను ఊహించని మరో రెండు ఖర్చులు వేశారు, ఆ తరువాత పక్క దుకాణం ఆయన్ని కూడా పిలిచారు. ఆ ఏడాది నేను కలిసిన ఎగుమతిదారులందరి దగ్గరికీ దారి ఆ కాగితం మీదుగానే ఏర్పడింది.

మొదటి కలయిక తరువాత చేయవలసినవి ఇవి. అదే రోజు రాత్రి నోటు పుస్తకంలో తేదీ, విన్న సంగతులు, మీకు అర్థం కాని మాటలు రాసుకోండి; తాలు కాయ (రంగు పోయిన నాసి మిర్చి), టిక్కీ (మిర్చి బస్తా) వంటి మాటలను ఆ వ్యాపారం వాళ్లు పలికినట్టే రాసుకోవాలి, ఎందుకంటే రెండోసారి ఆ మాటలు మీ నోట సరిగ్గా వస్తే మీరు విన్నారని వాళ్లకు తెలుస్తుంది. రెండు రోజుల్లో కృతజ్ఞత చెబుతూ ఒక చిన్న సందేశం పంపండి. గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం పంపడం కృతజ్ఞత కాదు. "అరువు ఇచ్చేటప్పుడు మనిషిని కాదు, అతని కొనుగోలుదారును చూడాలని మీరు చెప్పిన మాట మా తరగతిలో చెప్పాను సార్, చాలాసేపు చర్చ జరిగింది" అన్న రెండు వరుసలు చాలు. ఆ తరువాత నెల లోపల, ఆయన చెప్పిన విషయంలో మీరు చేసిన పనిని చూపించడానికి వెళ్లాలి. ఆయన ఎవరినో కలవమని చెప్పి ఉంటే, కలిసి వచ్చి ఆ సంగతి చెప్పడం తప్పనిసరి. సలహా ఇచ్చినవారికి అది ఏమైందో తెలియజేయని విద్యార్థికి రెండో సలహా రాదు.

కులం, ఊరు, బంధుత్వం మన దగ్గర తలుపులు తెరుస్తాయన్నది దాచవలసిన సంగతి కాదు. అవి ఉన్నవారికి మొదటి కలయిక సులభం. రెండో కలయికకు మాత్రం అవి అంతగా పనికిరావు, అక్కడ చేతిలోని కాగితమే మాట్లాడాలి. ఆ అండ లేని విద్యార్థికి కళాశాల పూర్వ విద్యార్థులు, పాఠం చెప్పే మాస్టారు, ఏపీ ఛాంబర్స్, సీఐఐ వంటి వ్యాపార, పరిశ్రమల సంఘాలు జరిపే సదస్సులు మధ్యవర్తులవుతాయి. సదస్సులో వేదిక మీద మాట్లాడిన పెద్దమనిషి చుట్టూ గుంపులో నిలబడి సెల్ఫీ దిగడం కన్నా, చివరి వరుసలో మీ పక్కన కూర్చున్న చిన్న పరిశ్రమ యజమానితో పది నిమిషాలు మాట్లాడటం మేలు.

వేసవి ప్రాజెక్టు

ఈ పద్ధతికి అన్నిటికన్నా మంచి సందర్భం వేసవి ప్రాజెక్టు. దాన్నే మనవాళ్లు ఎక్కువగా పాడు చేసుకుంటారు. జిరాక్స్ దుకాణంలో పాత రిపోర్టు కొని, కంపెనీ పేరు మార్చి, తెలిసినవారి చేత ముద్ర వేయించి, బంగారు అక్షరాల అట్టతో బైండు చేయించడం ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు. ఇంటర్వ్యూలో మొట్టమొదట అడిగేది ఆ ప్రాజెక్టు గురించే. అక్కడ ఎంతమంది పనిచేస్తారు, సరుకు ఎవరు కొంటారు అన్న ప్రశ్నకే తడబడిన అభ్యర్థికి మిగతా గంటలో కోలుకోవడం కష్టం.

"ఫలానా సంస్థలో ఉద్యోగుల సంతృప్తిపై ఒక అధ్యయనం" అన్న శీర్షిక వదిలేయండి. యజమానికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఏదో కనుక్కుని దాన్నే తీసుకోండి. ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణమైతే ఏడాదిగా కదలని సరుకులో ఎంత డబ్బు ఇరుక్కుందో లెక్క తీయవచ్చు. చిన్న తయారీ యూనిట్ అయితే బాకీల వయసు పట్టిక వేయవచ్చు: ఎవరు ముప్పై రోజుల్లో ఇస్తారు, ఎవరు తొంభై రోజులు తిప్పుతారు అని. ఇందులో చట్టం కూడా కలిసివస్తుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోపు, ఏదేమైనా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి; 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన మార్పుతో, గడువు దాటించిన సొమ్మును కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే తన ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకోవాల్సి వస్తుంది. ఇలాంటి సంస్థలకు ప్రభుత్వమిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు బిల్లు మీద వేసుకుంటే మంచిదన్న సంగతి కూడా తట్టని యూనిట్లు ఉంటాయి. మీరు చూపిన ఆ ఒక్క వరుస వల్ల ఒక్క బాకీ వసూలైనా ఆ యజమాని మీ పేరు మరిచిపోరు.

కాలం విషయంలో ఒక జాగ్రత్త. చాలా కళాశాలల్లో ప్రాజెక్టు రెండో సెమిస్టర్ పరీక్షల తరువాత మొదలవుతుంది. మిర్చి మీద చేయాలనుకునేవారు అప్పటిదాకా ఆగితే, మే నెలలో యార్డుకు వేసవి సెలవులు వచ్చేస్తాయి. కొత్త కాయ జోరుగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే యార్డు నడిచే రోజులు చూసుకుని నాలుగైదుసార్లు వెళ్లి రావాలి. వేసవిలో కోల్డ్ స్టోరేజీల లెక్కలు చూసుకోవచ్చు.

సీనియర్లు, లింక్డ్‌ఇన్, హైదరాబాదు

కంపెనీల్లో ఉన్న సీనియర్లలో రెండు నుంచి అయిదేళ్ల అనుభవం ఉన్నవారు ఎక్కువ ఉపయోగపడతారు. వాళ్లకు ఇంటర్వ్యూ ఇంకా గుర్తుంటుంది, మీ కళాశాల పరిస్థితీ గుర్తుంటుంది. పెద్ద హోదాలో ఉన్నవారికి రాసే ముందు వీళ్లకు రాయండి. లింక్డ్‌ఇన్‌లో ఒట్టి అభ్యర్థన పంపకుండా, అదే కళాశాల అని, ఏ విషయం తెలుసుకోవాలో రెండు వాక్యాల్లో రాయాలి. కంపెనీ వారికి ఆంగ్లంలో రాయడమే మర్యాద, కానీ అరువు తెచ్చుకున్న ఘనమైన మాటలతో కాదు. మీ పేరు కింద ఉండే వరుసలో "కాబోయే నాయకుడు" వంటి బిరుదులు పెట్టుకునే బదులు, "కోల్డ్ స్టోరేజీ సరుకు మీద రుణాల గురించి ప్రాజెక్టు చేశాను" అన్న అర్థం వచ్చేలా రాస్తే చదివేవాడు ఆగుతాడు.

హైదరాబాదులో ఎవరినైనా కలవాలంటే విజయవాడ నుంచి శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో ఉదయం బయలుదేరి సాయంత్రం అదే బండిలో తిరిగి రావచ్చు. అయితే రైలు దిగిన చోటు నుంచి హైటెక్ సిటీకి వెళ్లి వచ్చేసరికే మధ్యలో ఉన్న సమయమంతా కరిగిపోతుంది కాబట్టి, ఒక రోజుకు ఒక్క మనిషినే పెట్టుకోండి. ముగ్గురిని కలవాలనుకుని ఎవరితోనూ సరిగా మాట్లాడకుండా వచ్చిన వారిని చూశాను.

నైపుణ్యాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పెద్ద పట్టికను వర్గాలవారీగా క్లుప్తం చేసే సాధనం) వేయడం, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో ఎంట్రీలు చదవడం రానివారు ముందు అవి నేర్చుకోవాలి, రెండింటికీ నెలన్నర చాలు. ఆర్థిక రంగం వైపు వెళ్లేవారికి మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ల కోసం జాతీయ సెక్యూరిటీస్ మార్కెట్ల సంస్థ (ఎన్‌ఐఎస్‌ఎం) నిర్వహించే పరీక్ష మంచి ఆరంభం. నూరు మార్కులకు యాభై వస్తే ఉత్తీర్ణత. బయోడేటా ఒక్క పేజీ దాటకూడదు. తండ్రి పేరు, మతం, చివర్లో సంతకంతో ప్రమాణం వంటివి ఈ రోజుల్లో అక్కర్లేదు.

ఉద్యోగం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ రుసుము, ల్యాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ సొమ్ము అడిగే ఫోన్లు చివరి సెమిస్టర్‌లో తప్పకుండా వస్తాయి. మన జీతం ఇవ్వవలసినవాడు మన దగ్గర డబ్బు అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయాలి; అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగానికి తెలియజేయాలి.

చివరి సెమిస్టర్ నాటికి నోటు పుస్తకంలోని ఇరవై పేర్లలో ఏడెనిమిది మందినైనా రెండోసారి కలిసి ఉంటే, ఇప్పుడు బయోడేటా బయటికి తీయవచ్చు. అప్పుడు కూడా "ఉద్యోగం ఇప్పించండి" అనకుండా, "నేను ఇలాంటి పని వెతుకుతున్నాను, మీకు తెలిసినవారిలో ఎవరికైనా అవసరం ఉందేమో చూడండి సార్" అనాలి. మీ పని ఆయన చూసి ఉన్నారు కాబట్టి, చెప్పడానికి ఆయన దగ్గర ఒక మాట ఉంటుంది. ఉద్యోగం వచ్చాక ఆ ఏడెనిమిది మందికీ, వాళ్లు చెప్పిన చోట కాక వేరే చోట వచ్చినా సరే, చేరిన మొదటి వారంలో ఫోన్ చేయండి. మొదటి జీతం అందుకుని ఊరికి వచ్చినప్పుడు వాళ్లలో ఇద్దరు ముగ్గురి దుకాణాలకు వెళ్లి రండి. మీ కళాశాల జూనియర్ ఒకరు అప్పటికే మిమ్మల్ని పరిచయం చేయమని అడిగి ఉంటారు, వీలైతే అతన్ని కూడా వెంట తీసుకువెళ్లండి.